ఆస్ట్రేలియాలో నేల, నీటి నిర్వహణలో ఆబొరిజినల్ సముదాయాలకు భాగస్వామ్యం: సమగ్ర మార్గదర్శి

ఆస్ట్రేలియాలోని స్థానిక కౌన్సిళ్లలో, నీటి సంస్థల్లో, పరీవాహక ప్రాంత నిర్వహణ కార్యాలయాల్లో, పర్యావరణ సలహా సంస్థల్లో ఇంజనీర్లుగా, ప్రణాళికా అధికారులుగా తెలుగువారు ఎందరో పనిచేస్తున్నారు. ఏటి గట్టు బాగుచేయడమో, చిత్తడి నేలకు నీరు వదలడమో, కొత్త రోడ్డు వేయడమో ఏదో ఒక పని చేతికి వచ్చినప్పుడు, దానితో పాటే ఆ ప్రాంతపు ఆబొరిజినల్ (ఆదివాసీ) సముదాయాన్ని సంప్రదించాలన్న బాధ్యత కూడా వారి మీద పడుతుంది. ఈ బాధ్యతను ఎవరితో మొదలుపెట్టాలో, ఏ క్రమంలో నడపాలో చెప్పేవారు కార్యాలయంలో తరచుగా ఉండరు. ఆ లోటు కొంతైనా తీర్చాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులోని అడుగులన్నిటికీ ఆధారం ఒక్కటే: నిర్ణయం రూపుదిద్దుకోక ముందే వారిని కలవాలి, కలిశాక ఆ నిర్ణయాన్ని మార్చగల అధికారం వారి చేతిలో ఉండాలి. ఈ రెండూ లేని సంప్రదింపు ఎంత మర్యాదగా జరిగినా దాన్ని భాగస్వామ్యం అనలేము.

వాడే మాటల గురించి కొంత చెప్పుకోవాలి. ఒక ప్రాంతంతో తరతరాల వంశ సంబంధం, దాని బాగోగులు చూసే బాధ్యత ఉన్నవారిని ఇక్కడ సంప్రదాయ హక్కుదారులు అంటున్నాను. నేల, నీరు, జీవజాలం, పూర్వీకులు, కథలు, కట్టుబాట్లు అన్నీ కలిసిన తమ ప్రాంతాన్ని వారు ‘కంట్రీ’ అంటారు కాబట్టి నేనూ ఆ మాటే వాడుతున్నాను. టోరెస్ జలసంధి ద్వీపవాసులు వేరే సంస్కృతి గల వేరే ప్రజలు. ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా ప్రధాన భూభాగానివి, అందులోనూ ఆగ్నేయ ఆస్ట్రేలియాలోని ముర్రే–డార్లింగ్ నదీ పరీవాహక ప్రాంతానివి.

పని మొదలుపెట్టే ముందు: చట్టం ఎంతవరకు వచ్చింది

బ్రిటిష్ వారు వచ్చేనాటికి ఈ ఖండం ఎవరికీ చెందని నేల అన్న వాదనను ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు 1992 జూన్ 3న మాబో కేసులో తోసిపుచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన నేటివ్ టైటిల్ చట్టం, సంప్రదాయ హక్కులను నిరూపించుకుని గుర్తింపు పొందే దారి చూపింది. అంతకు ముందే నార్తర్న్ టెరిటరీలో 1976లోనూ, న్యూ సౌత్ వేల్స్‌లో 1983లోనూ భూహక్కుల చట్టాలు వచ్చాయి. విక్టోరియాలో 2006 నాటి ఆబొరిజినల్ వారసత్వ చట్టం, 2010 నాటి సంప్రదాయ హక్కుదారుల ఒప్పందాల చట్టం అమలులో ఉన్నాయి. అంటే రాష్ట్రం మారితే చట్టమూ మారుతుంది, మీరు సంప్రదించవలసిన సంస్థా మారుతుంది.

నీటి విషయంలో ఈ చట్టాలు బలహీనంగా ఉన్నాయి. నేటివ్ టైటిల్ చట్టంలోని 211వ సెక్షన్ కింద, హక్కుదారులు తమ సొంత అవసరాల కోసం లైసెన్సు లేకుండానే చేపలు పట్టుకోవచ్చు, వేటాడవచ్చు. కానీ నదినుంచి నీరు తోడుకునే లైసెన్సును ప్రభుత్వం మరొకరికి ఇచ్చేటప్పుడు, 24హెచ్‌ఏ సెక్షన్ ప్రకారం నేటివ్ టైటిల్ హక్కుదారులకు దక్కేది ముందస్తు నోటీసు, అభిప్రాయం చెప్పే అవకాశం మాత్రమే. బేరమాడే హక్కు గానీ, ఆపే హక్కు గానీ వారికి లేదు. అందువల్ల చట్టం అడిగినంత మాత్రమే చేసే అధికారి ఒక ఉత్తరం పంపి, గడువు ముగిసే దాకా ఆగి, ఫైలు మూసేయవచ్చు.

చట్టప్రకారం అంతా సవ్యంగా ఉన్నా ఎంత అన్యాయం జరగగలదో జూకన్ గార్జ్ చూపించింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరాలో, దాదాపు 46,000 ఏళ్ల మానవ నివాసానికి సాక్ష్యంగా నిలిచిన రాతి గుహలను 2020 మే 24న రియో టింటో సంస్థ ఇనుప ఖనిజం కోసం పేల్చివేసింది. అప్పటి రాష్ట్ర వారసత్వ చట్టం కింద 2013లోనే దానికి అనుమతి ఉంది. ఆ కంట్రీకి హక్కుదారులైన పుటు కుంటి కుర్రమ, పినికుర ప్రజల అభ్యర్థనలు ఆ పేలుడును ఆపలేకపోయాయి. కాబట్టి మీ చేతిలోని అనుమతి పత్రాన్ని పనికి ఆరంభంగానే చూడండి.

మొదటి అడుగు: అది ఎవరి కంట్రీ అన్నది తేల్చుకోవడం

ఈ అడుగులో తొందరపడితే తరువాతి అడుగులన్నీ తప్పుతాయి. ఈ ఖండంలో 250కి పైగా భాషలు ఉండేవి. ఒక్క ముర్రే–డార్లింగ్ పరీవాహక ప్రాంతంలోనే 40కి పైగా ప్రథమ జాతులు ఉన్నాయి. ఒకరి కంట్రీ గురించి మరొకరు మాట్లాడడం అక్కడి కట్టుబాట్ల ప్రకారం పెద్ద తప్పు. మీ కార్యాలయంలో ఒక ఆబొరిజినల్ ఉద్యోగి ఉన్నంత మాత్రాన ఆయనో ఆమెనో ఆ నదీ తీరం తరఫున మాట్లాడమని అడగకూడదు. వారి కంట్రీ వేయి కిలోమీటర్ల దూరంలో ఉండవచ్చు.

ఆస్ట్రేలియా ఆదివాసీ, టోరెస్ జలసంధి ద్వీపవాసుల అధ్యయన సంస్థ, అంటే అయాట్సిస్, ప్రచురించిన పటంతో మొదలుపెట్టవచ్చు. కానీ దాని హద్దులు ఉజ్జాయింపువని, చట్టపరమైన దావాలకు పనికిరావని ఆ పటమే చెబుతుంది. తరువాత జాతీయ నేటివ్ టైటిల్ ట్రిబ్యునల్ రిజిస్టరు చూడాలి. అక్కడ తీర్పు వచ్చిన ప్రాంతాలు, విచారణలో ఉన్న దావాలు, భూ వినియోగ ఒప్పందాలు కనిపిస్తాయి. తీర్పు వచ్చిన చోట హక్కుదారుల తరఫున ఒక నిర్దేశిత కార్పొరేషన్ ఉంటుంది. విక్టోరియాలో అయితే వారసత్వ చట్టం కింద నమోదైన ఆబొరిజినల్ పక్షం ఎవరో చూడాలి.

న్యూ సౌత్ వేల్స్‌లో పరిస్థితి మరింత చిక్కుగా ఉంటుంది. అక్కడ సుమారు 120 స్థానిక ఆబొరిజినల్ భూమి మండళ్లు ఉన్నాయి. వాటిలో సభ్యత్వానికి వంశ సంబంధం ఒక్కటే ఆధారం కాదు, ఆ ప్రాంతంలో నివాసం ఉంటున్న ఆబొరిజినల్ వారు కూడా చేరవచ్చు. అదే ప్రాంతంలో నేటివ్ టైటిల్ కార్పొరేషన్ విడిగా ఉండవచ్చు, ఈ రెండింటిలోనూ లేని పెద్దల కుటుంబాలూ ఉండవచ్చు. ముగ్గురినీ కలవాలి. ఒకరిని కలిస్తే మిగతావారిని కలిసినట్లే అనుకోవడం వల్ల పనులు ఏళ్ల తరబడి ఆగిపోతాయి.

రిజిస్టరులో పేరు లేదు కాబట్టి హక్కుదారులు లేరనే నిర్ణయానికి రావద్దు. ముర్రే నదీ తీరాన యొర్టా యొర్టా ప్రజల నేటివ్ టైటిల్ దావాను హైకోర్టు 2002లో తిరస్కరించింది. అయినా ఆ నది తమదని వారు ఏనాడూ వదులుకోలేదు. నేడు వారి సంస్థ విక్టోరియాలో గుర్తింపు పొందిన పక్షం, బార్మా జాతీయ పార్కు ఉమ్మడి నిర్వహణలోనూ వారు ఉన్నారు. నిరూపించుకోవలసిన భారాన్ని చట్టం ఎవరి మీద మోపిందో ఈ ఒక్క ఉదాహరణతో అర్థమవుతుంది.

మన్యం ప్రాంతాల్లో 1996 నాటి పెసా చట్టం కింద జరిగే గ్రామసభలను దగ్గరగా చూసినవారికి ఒక మాట చెప్పాలి. ఊరంతా ఒకచోట కూర్చుని తీర్మానం చేసే అలాంటి ఏకైక వేదిక ఇక్కడ లేదు. వలస పాలనలో క్రైస్తవ మిషన్లకు, ప్రభుత్వ రిజర్వులకు తరలించిన కారణంగా ఒకే కంట్రీకి చెందిన కుటుంబాలు నేడు ఆరేడు పట్టణాల్లో చెదిరి ఉండవచ్చు. నగరంలో స్థిరపడిన మనవరాలికి కూడా తన అవ్వగారి ఏటి మీద మాట్లాడే హక్కు ఉంటుంది.

రెండవ అడుగు: మీ కార్యాలయం లోపల ముందుగా తేల్చుకోవలసినవి

బయటివారిని పిలవడానికి ముందు మీ పై అధికారులతో కూర్చుని మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఈ ప్రాజెక్టులో ఇంకా నిర్ణయం కానివి ఏవి? సముదాయం వద్దంటే వేటిని మార్చడానికి, ఏ పనిని ఆపడానికి సంస్థ సిద్ధంగా ఉంది? ఈ సంప్రదింపుకు విడిగా బడ్జెట్ ఉందా? రెండవ ప్రశ్నకు ‘ఏదీ లేదు’ అన్న జవాబు వస్తే, ఆ సంగతి దాచిపెట్టి సమావేశాలు పెట్టడం మోసం. అప్పుడు చేయవలసింది ప్రాజెక్టు రూపకల్పనను వెనక్కు తీసుకెళ్లమని లోపల వాదించడం. ఈ వాదనలో ఓడిపోయినా సరే, చేసినట్లు రికార్డులో ఉండాలి.

బడ్జెట్ విషయంలో చిన్న వివరాలే పెద్ద అడ్డంకులవుతాయి. కార్యాలయ అధికారి జీతం తీసుకుంటూ సమావేశానికి వస్తాడు. అదే బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ తన జ్ఞానాన్ని ఉచితంగా ఇవ్వాలని ఆశించడం తగదు. హాజరు రుసుము, ప్రయాణ ఖర్చు, పెట్రోలు, భోజనం, దూరం నుంచి వచ్చేవారికి రాత్రి బస, వెంట వచ్చే సహాయకుల ఖర్చు ముందే లెక్కలో చేర్చాలి. చెల్లింపు వారాల తరువాత కాకుండా సమావేశం రోజునో, ఆ మరునాడో అందేలా లెక్కల విభాగంతో ముందే మాట్లాడి ఉంచాలి. విక్రేతగా నమోదు కావడానికి పది పేజీల ఫారం నింపమని ఒక వృద్ధురాలి చేతిలో పెట్టడం కన్నా, ఆమె సంస్థ ద్వారా చెల్లించే ఏర్పాటు చేయడం మేలు.

మూడవ అడుగు: మొదటి పలకరింపు

మొదటి సంప్రదింపు ఈమెయిలుతో కాక ఫోనుతో మొదలవ్వాలి, వీలైతే స్వయంగా వెళ్లాలి. ఎవరు మీరు, ఏ సంస్థ తరఫున వచ్చారు, మీ ఊరేది, మీవారెవరు అని అడుగుతారు. ఈ ప్రశ్నలకు తెలుగువారు తడబడనక్కరలేదు, మన ఊళ్లలోనూ పలకరింపు ఇలాగే మొదలవుతుంది. దాపరికం లేకుండా చెప్పండి. పెద్దలను సముదాయం వారు ఆంటీ, అంకుల్ అని పేరుకు ముందు చేర్చి పిలుస్తారు. మీరు అలా పిలవవచ్చో లేదో వారినే అడిగి తెలుసుకోండి.

మొదటి సమావేశానికి పూర్తయిన నక్షాలు తీసుకెళ్లవద్దు. రంగురంగుల పటంలో కాలువ గీసి చూపిస్తే, నిర్ణయం అయిపోయిందనే ఎదుటివారు అర్థం చేసుకుంటారు, చాలాసార్లు అదే నిజం కూడా. ఆ ప్రాంతపు ఖాళీ పటం తీసుకెళ్లి, మీ సంస్థను ఇబ్బంది పెడుతున్న సమస్య ఏమిటో చెప్పి, వారు ఆ నదిలో చూస్తున్న సమస్యలేమిటో అడగండి. రెండు జాబితాలు ఒకటి కాకపోవచ్చు. మీకు గట్టు కోత ముఖ్యం కావచ్చు, వారికి పెద్దలు చేపలు పట్టే చోటికి దారి మూసేసిన కంచె ముఖ్యం కావచ్చు. ఆ కంచె గురించి మీరు ముందుగా ఏదైనా చేయగలిగితే, తరువాతి మాటలు వేరే తీరుగా సాగుతాయి.

సమయం వారి క్యాలెండరును బట్టి ఉండాలి. సముదాయంలో మరణం సంభవిస్తే సంతాప కాలం మొదలవుతుంది, దాన్ని సారీ బిజినెస్ అంటారు. ఆ రోజుల్లో సమావేశాలు ఉండవు, గడువులు గుర్తుచేయడం అమర్యాద. చనిపోయినవారి పేరు పలకడం, ఫోటో చూపించడం చాలా చోట్ల నిషిద్ధం. పాత నివేదికల్లోని ఫోటోలను తెర మీద వేసే ముందు అడగాలి. ఉత్తరాదిన వర్షాకాలంలో దారులు మూతపడతాయి. జనవరి 26 ఆస్ట్రేలియా దినం, బ్రిటిష్ వలస మొదలైన ఆ రోజు వారిలో చాలామందికి శోకదినం; ఆ రోజున, దాని చుట్టుపక్కల రోజుల్లో సమావేశాలు పెట్టకండి.

సభ ప్రారంభంలో ఆహ్వానం పలకడానికి ఆ కంట్రీ పెద్దలకే అధికారం ఉంటుంది, దానికి వారికి రుసుము ఇవ్వాలి. బయటివారు చేయగలిగింది ఆ కంట్రీని, దాని పెద్దలను గౌరవంగా స్మరించుకోవడం మాత్రమే. ఈ రెండింటినీ కలిపేయకండి.

నాల్గవ అడుగు: పని తీరు మీద రాతపూర్వక ఒప్పందం

క్షేత్ర పనికి ముందే ఒక ఒప్పందం రాసుకోవాలి. ఎవరెవరు ఎన్నిసార్లు కలుస్తారు, నిర్ణయానికి వారికి ఎంత వ్యవధి కావాలి, తమలో తాము మాట్లాడుకోవడానికి అధికారులు లేని సమావేశం ఎప్పుడు ఉంటుంది, అభిప్రాయ భేదం వస్తే ఏం చేయాలి అన్నవి అందులో ఉండాలి. న్యూ సౌత్ వేల్స్‌లో 2010 నాటి వారసత్వ సంప్రదింపు నియమాలు ముసాయిదా నివేదిక మీద అభిప్రాయానికి కనీసం 28 రోజులు ఇవ్వాలంటాయి. అది కనీస గడువు. చెదిరిన కుటుంబాలన్నీ కలిసి మాట్లాడుకోవాలంటే అంతకు రెండింతలైనా కావాలని నా అభిప్రాయం.

ఒప్పందంలో అన్నిటికన్నా జాగ్రత్తగా రాయవలసింది జ్ఞానం ఎవరిదన్న విషయం. ఆస్ట్రేలియా కాపీరైటు చట్టం మౌఖిక జ్ఞానానికి రక్షణ ఇవ్వదు. పెద్దలు చెప్పిన కథను మీరు రాసుకుంటే, ఆ రాత మీద హక్కు సాధారణంగా మీకో మీ సంస్థకో పోతుంది. అందుకే కథలు, మొక్కల ఉపయోగాలు, పవిత్ర స్థలాల ఉనికి మీద హక్కు సముదాయానికే ఉంటుందని, వారి అనుమతి లేకుండా మరో ప్రాజెక్టుకు వాడకూడదని, నివేదిక ప్రచురణకు ముందు వారు చదివి తొలగించదలచినవి తొలగించవచ్చని స్పష్టంగా రాయాలి. కొన్ని విషయాలు పురుషులకు, మరికొన్ని స్త్రీలకు మాత్రమే చెందుతాయి. అలాంటి సమాచారాన్ని వేర్వేరుగా సేకరించాలి, కొన్నిటిని అసలు సేకరించకూడదు. అయాట్సిస్ 2020లో సవరించి ప్రకటించిన పరిశోధన నైతిక నియమావళి ఈ ఒప్పందం రాయడానికి మంచి ఆధారం.

ఐదవ అడుగు: కంట్రీ మీద కలిసి నడవడం

సమావేశ మందిరంలో గంటసేపు మౌనంగా ఉన్న పెద్దాయన ఏటి గట్టు మీదికి రాగానే మాట్లాడడం మొదలుపెడతాడు. కాబట్టి క్షేత్ర సందర్శనకు ఎక్కువ రోజులు కేటాయించండి. నడవలేనివారి కోసం నీటి అంచుదాకా వెళ్లగల వాహనం, మడత కుర్చీలు, నీడ, టీ ఏర్పాట్లు ఉండాలి. ఆ రోజు మీ ఎజెండాలోని అంశాలన్నీ పూర్తి కావాలని పట్టుబట్టవద్దు.

ఏం చూడాలో వారే చూపిస్తారు, అయినా కొన్నిటిని ముందే తెలుసుకుని ఉండడం మంచిది. ముర్రే, ముర్రంబిజీ తీరాల్లోని పెద్ద రివర్ రెడ్ గమ్ చెట్ల మీద పొడవాటి కోడిగుడ్డు ఆకారంలో బెరడు లేని మచ్చ కనిపిస్తే, అది పడవ కోసమో, పాత్ర కోసమో, డాలు కోసమో బెరడు ఒలిచిన గుర్తు కావచ్చు. ఇలాంటి మచ్చ చాలాసార్లు నేల వరకు రాదు, దాని అంచుల చుట్టూ చెట్టు ఉబ్బి మూసుకుంటూ వచ్చి ఉంటుంది. పిడుగు పడినా, కొమ్మ విరిగినా, నిప్పు అంటుకున్నా ఏర్పడే మచ్చలు వేరే తీరుగా ఉంటాయి. అయినా ఏది ఏదో నిర్ధారించవలసింది మీరు కాదు. గట్టు కోసుకుపోయిన చోట మంచినీటి ఆల్చిప్పల పొరలు, కాల్చిన మట్టి ముద్దలతో కూడిన పాత పొయ్యిలు బయటపడతాయి. వాటిని చేతిలోకి తీసుకోకూడదు, ఫోనులో జీపీఎస్ గుర్తు పెట్టే ముందు కూడా అడగాలి. ఒక్కసారి స్థలం వివరాలు బయటికి పొక్కితే దొంగలు, ఆకతాయిలు చేరతారన్న భయం వారికి అనుభవంతో వచ్చింది.

ఈ నేల మీద నీటిపారుదల నైపుణ్యం ఎంత పాతదో ఇంజనీర్లు ప్రత్యేకంగా గమనించాలి. విక్టోరియా నైరుతిలోని బుడ్జ్ బిమ్ వద్ద గుండిజ్మారా ప్రజలు అగ్నిపర్వతపు లావా రాళ్లతో కాలువలు, అడ్డుకట్టలు, చెరువులు కట్టి ఈల్ చేపలను పెంచారు. ఆ నిర్మాణం కనీసం 6,600 ఏళ్ల నాటిదని తేలింది. కేవలం ఆబొరిజినల్ సాంస్కృతిక విలువల ఆధారంగా 2019 జులైలో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన మొదటి ఆస్ట్రేలియా స్థలం అదే. బార్వన్ నది మీద బ్రూవారినా వద్ద ఎంబా ప్రజల రాతి చేపల వలయాలు నేటికీ ఉన్నాయి. ఆ వలయాలు కట్టినవారు నది మట్టం ఎప్పుడు ఎంత ఉంటుందో, ఏ చేప ఏ కాలంలో ఎటు ఈదుతుందో లెక్క తెలిసినవారు. వారి వారసులను ‘అవగాహన కల్పించవలసిన ప్రజలు’గా చూసే అలవాటు ఇంకా కొన్ని కార్యాలయాల్లో మిగిలి ఉండడం బాధాకరం.

చూసినదాన్ని ప్రణాళికలోకి తీసుకురావడానికి ముర్రే–డార్లింగ్‌లో ఒక పద్ధతి సిద్ధంగా ఉంది. ఆబొరిజినల్ జలమార్గాల మదింపు అనే ఈ పద్ధతి న్యూజిలాండ్ మావోరీలు రూపొందించుకున్న నదీ ఆరోగ్య సూచికను ఆధారం చేసుకుంది. ఒక జాతి ప్రతినిధులు తాము ఎంచుకున్న స్థలాలకు వెళ్లి, ఈ చోటు తమకు ఎంత ముఖ్యమో, నీరు ఎలా ఉందో, ఒకప్పుడు దొరికిన తిండి, మందు ఇప్పుడు దొరుకుతున్నాయో లేదో, మళ్లీ ఇక్కడికి వస్తారో లేదో తామే అంచనా వేసి అంకెలు వేస్తారు. ప్రవాహ ప్రణాళికలు రాసే అధికారికి ఇది అంకెల రూపంలో అందుతుంది కాబట్టి పక్కన పెట్టడం కష్టం. మీరు చేయవలసిందల్లా వాహనాలు, ఖర్చులు సమకూర్చి, ఆ అంకెలను మార్చకుండా ప్రణాళికలో చేర్చడం.

ఆరవ అడుగు: నీటిలో వాటా

అసలు పరీక్ష ఇక్కడే ఉంది. సంప్రదింపులు, సందర్శనలు, నివేదికలు అన్నీ చక్కగా జరిగి, చివరికి ఒక్క లీటరు నీరు కూడా సముదాయం చేతికి రాని సందర్భాలే ఎక్కువ. న్యూ సౌత్ వేల్స్ పరిధిలోని ముర్రే–డార్లింగ్ ప్రాంతంలో జనాభాలో ఆబొరిజినల్ వారు 9 శాతానికి పైగా ఉన్నారు. అందుబాటులో ఉన్న ఉపరితల నీటిలో వారి సంస్థల చేతిలో ఉన్నది దాదాపు 0.2 శాతం. 18 ఏళ్లు పోరాడి 2015లో బార్కింజీ ప్రజలు సుమారు 1,28,000 చదరపు కిలోమీటర్ల మీద నేటివ్ టైటిల్ సాధించారు. అయినా వారి బార్కా, అంటే డార్లింగ్ నది, మెనిండీ వద్ద 2018–19 వేసవిలోనూ, మళ్లీ 2023 మార్చిలోనూ లక్షలాది చేపల శవాలతో నిండిపోయింది. నదికి హక్కుదారులుగా గుర్తింపు ఉండి, నదిలో నీరు వదిలించుకునే హక్కు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కరలేదు.

దీనికి ఆ ప్రజలే ఒక స్పష్టమైన రూపం ఇచ్చారు. ముర్రే, లోయర్ డార్లింగ్ నదుల ఆదివాసీ జాతుల సమాఖ్య 2007లో ఎచూకా ప్రకటనలో సాంస్కృతిక ప్రవాహాలు అనే భావనను నిర్వచించింది: ఆ జాతుల ఆధ్యాత్మిక, సాంస్కృతిక, పర్యావరణ, సామాజిక, ఆర్థిక పరిస్థితి మెరుగుపడేంత పరిమాణంలో, నాణ్యతతో, చట్టప్రకారం వారి సొంతమైన నీటి హక్కులు. పర్యావరణ నీరు, అంటే నది ఆరోగ్యం కోసం కేటాయించిన నీరు, వేరే సంస్థ చేతిలో ఉండి, అది వదిలినప్పుడు కొంత మేలు జరిగినంత మాత్రాన ఈ నిర్వచనం నెరవేరదు. మీ ప్రణాళికలో రెండింటినీ ఒకే గడిలో వేయకండి.

ఆచరణలో మీరు చూడవలసిన దారులు కొన్ని ఉన్నాయి. న్యూ సౌత్ వేల్స్‌లో సాంస్కృతిక అవసరాల లైసెన్సు ఉంది, కానీ అది ఏడాదికి 10 మెగాలీటర్లకు, అంటే కోటి లీటర్లకు పరిమితం. వ్యవసాయానికో వ్యాపారానికో దాన్ని వాడుకునే వీలు లేదు. ప్రాజెక్టు వల్ల నీరు ఆదా అవుతుంటే, అందులో ఒక భాగాన్ని శాశ్వత హక్కుగా సముదాయ సంస్థకు బదిలీ చేయమని మొదటి ముసాయిదాలోనే ప్రతిపాదించవచ్చు. విక్టోరియాలో 2020లో గునైకుర్నై భూమి, జలాల ఆబొరిజినల్ కార్పొరేషన్‌కు మిచెల్ నదిలో 2 గిగాలీటర్ల, అంటే 200 కోట్ల లీటర్ల నీటిని కేటాయించారు. ఆ రాష్ట్రంలో సంప్రదాయ హక్కుదారులకు దక్కిన మొదటి కేటాయింపు అదే. ఆ నీటిని తామే వాడుకోవాలా, నదిలోనే ఉంచాలా, కౌలుకు ఇవ్వాలా అన్నది వారి ఇష్టం. ‘సాంస్కృతిక అవసరం’ అనే పేరుతో వారి చేతులు కట్టేయడం సరికాదు, పక్క రైతు తన నీటితో ఏం చేస్తాడో ఎవరూ అడగరు కదా. పరీవాహక ప్రాంతంలో ఆబొరిజినల్ సంస్థల కోసం నీటి హక్కులు కొనడానికి కేంద్ర ప్రభుత్వం 2018లో 4 కోట్ల డాలర్లు ప్రకటించింది, 2023లో ఆ మొత్తాన్ని 10 కోట్లకు పెంచింది. ఇంతలో నీటి ధరలు కూడా పెరిగాయి. ఆలస్యమైన ప్రతి ఏడాదీ అదే డబ్బుకు తక్కువ నీరు వస్తుందని మీ ఆర్థిక విభాగానికి అర్థమయ్యేలా చెప్పండి.

నీటి హక్కు ఉన్నా, నీరు చేరవలసిన నేల మరొకరిదైతే ప్రయోజనం తక్కువ. ముర్రంబిజీ దిగువన గాయిని నిమ్మీ–కైరా వరద మైదానంలో నరి నరి ట్రైబల్ కౌన్సిల్ నేలనూ, దాని చిత్తడి భూములనూ తానే నిర్వహిస్తున్నది. వరద నీరు ఏ కాలువలోకి ఎప్పుడు మళ్లాలన్న నిర్ణయం, మైదానంలో రోజూ తిరిగేవారి చేతిలో ఉంటే పక్షులు గూళ్లు కట్టే సమయానికి నీరు అందుతుంది.

ఏడవ అడుగు: పని, జీతం, నిప్పు, ఉమ్మడి నిర్వహణ

ప్రణాళికను ఎవరు అమలు చేస్తారన్నది ముందే రాయాలి. కేంద్ర ప్రభుత్వ ఆదివాసీ రేంజర్ల కార్యక్రమం 2007 నుంచి నడుస్తున్నది. దక్షిణ ఆస్ట్రేలియాలోని నంటవరినాతో 1998లో మొదలైన ఆదివాసీ రక్షిత ప్రాంతాలు నేడు దేశ రక్షిత భూభాగంలో దాదాపు సగం ఉన్నాయి. కలుపు తొలగింపు, నీటి నమూనాల సేకరణ, చేపల లెక్క వంటి పనులను బయటి గుత్తేదారులకు ఇచ్చే ముందు స్థానిక రేంజర్ల సంస్థను అడగండి. ఏడాది ఒప్పందం ఇస్తే వారు మనుషుల్ని పెట్టుకోలేరు, మూడు నుంచి ఐదేళ్లకు ఇవ్వండి.

నిప్పు విషయంలో ఉత్తరాదిన పశ్చిమ ఆర్నెమ్ ల్యాండ్ ఒక ఆదర్శం. ఎండాకాలం మొదట్లో, గడ్డిలో ఇంకా తేమ ఉండగానే చల్లని, అంటే తక్కువ వేడి గల మంటలతో అక్కడక్కడ తగలబెడితే, చివర్లో వచ్చే పెద్ద కార్చిచ్చుకు మేత మిగలదు. సుమారు 28,000 చదరపు కిలోమీటర్లలో రేంజర్లు ఈ పని చేసి ఏటా లక్ష టన్నుల కార్బన్ డయాక్సైడుకు సమానమైన ఉద్గారాలను తగ్గించేలా 2006లో ఒప్పందం కుదిరింది. దక్షిణాదిన 2019–20 కార్చిచ్చుల తరువాత సాంస్కృతిక దహనం మీద ఆసక్తి పెరిగింది. కానీ తరచుగా తేదీని అధికారులే నిర్ణయిస్తున్నారు. గడ్డి ఎప్పుడు సిద్ధమో చెప్పవలసింది పెద్దలు. అనుమతులు, బీమా, అగ్నిమాపక శాఖతో సమన్వయం ముందుగా పూర్తిచేసి, వారు ‘ఇవాళ’ అన్న రోజున అడ్డు లేకుండా చూడడం మీ వంతు.

పార్కులు, నదుల పాలక మండళ్లలో ఒకటి రెండు స్థానాలతో సరిపెట్టకండి. మధ్య ఆస్ట్రేలియాలోని పెద్ద ఎర్ర శిల ఉలురు ఉన్న భూమిని 1985 అక్టోబరు 26న అనంగు ప్రజలకు తిరిగి ఇచ్చాక, వారు దాన్ని జాతీయ పార్కు కోసం ప్రభుత్వానికి 99 ఏళ్ల లీజుకు ఇచ్చారు. పార్కు మండలిలోని 12 మందిలో 8 మంది అనంగులే. శిల మీదికి ఎక్కడం ఆపాలని వారు దశాబ్దాలుగా కోరుతున్నారు. మెజారిటీ వారి చేతిలో ఉన్న మండలి తీసుకున్న నిర్ణయం వల్ల 2019 అక్టోబరు 26న అది అమలైంది. మెల్‌బోర్న్‌లోని యారా నదికి 2017లో వచ్చిన ప్రత్యేక చట్టం పేరులోనే వురుంజెరి ప్రజల వొయి వురుంగ్ భాష ఉంది, దాని కింద ఏర్పడిన బిరరుంగ్ మండలిలో వురుంజెరి పెద్దలకు స్థానం తప్పనిసరి. అయితే ఆ మండలి పని సలహా ఇవ్వడమే. ఏ మండలి సలహా ఇస్తుంది, ఏది నిర్ణయిస్తుంది అన్న తేడాను సముదాయానికి మొదటి రోజే చెప్పాలి.

ఎనిమిదవ అడుగు: ‘వద్దు’ అన్నప్పుడు

2007 నాటి ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటనను ఆస్ట్రేలియా 2009లో సమర్థించింది. స్వేచ్ఛగా, ముందుగా, పూర్తి సమాచారంతో ఇచ్చే అంగీకారమే అంగీకారమని అది చెబుతుంది. అంగీకరించే హక్కులో నిరాకరించే హక్కు కూడా ఉంది. ‘వద్దు’ అన్న జవాబు వస్తే కారణం పూర్తిగా చెప్పమని ఒత్తిడి చేయకండి. ఆ స్థలం గురించి బయటివారికి చెప్పకూడని సంగతి ఏదైనా ఉండవచ్చు. వేరే దారి, వేరే స్థలం, వేరే కాలం చూడండి. కుటుంబాల మధ్య అభిప్రాయ భేదాలు ఉంటే, అనుకూలంగా ఉన్నవారిని పట్టుకుని ముందుకు సాగడం అన్నిటికన్నా హానికరం. మీరు వెళ్లిపోయాక కూడా ఆ చీలిక ఆ ఊళ్లో మిగిలిపోతుంది. వారు తమలో తాము మాట్లాడుకోవడానికి సమయం, అవసరమైతే వారే ఎంచుకున్న మధ్యవర్తి ఖర్చు ఇవ్వండి.

తొమ్మిదవ అడుగు: తిరిగి అప్పగించడం

నివేదిక పూర్తయ్యాక దాని ప్రతిని ఈమెయిలులో పంపి ఊరుకోకండి. వెళ్లి, కూర్చుని, వారు చెప్పిన ఏ మాట వల్ల ప్రణాళికలో ఏ వాక్యం మారిందో, ఏది మారలేదో, ఎందుకు మారలేదో వివరించండి. నీటి నాణ్యత అంకెలు, చేపల లెక్కలు, డ్రోన్ చిత్రాలు, ధ్వని ముద్రణలు అన్నీ వారు తెరవగల రూపంలో వారి సంస్థకు ఇవ్వాలి, మీ సర్వర్లలో ఉన్న ప్రతులను ఎవరు చూడవచ్చో వారే నిర్ణయించాలి. ఏడాదికి ఒకసారి అదే ఏటి గట్టున కలిసి, ఒప్పందంలోని ప్రతి అంశం ఎంతవరకు వచ్చిందో చూసుకోవాలి. మీరు ఉద్యోగం మారుతుంటే కొత్త అధికారిని వెంటబెట్టుకుని వెళ్లి పెద్దలకు పరిచయం చేయండి, ఇంకా తీరని హామీల జాబితాను వారి ఎదుటే ఆయనకు అందించండి.